దండేల దొడ్డి

మా వీధిలో పెరిగినవాళ్ళు ఎవరైనా సరే, బట్టల కొట్టులోకి అడుగుపెట్టగానే చేతులు వెనక్కి కట్టేసుకుంటారు. ఎంత పెద్దవాళ్ళైనా అంతే. నాకూ ఆ అలవాటు పోలేదు. పెళ్ళైన కొత్తలో మా ఆయన "తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరులా ఆ నడకేమిటి?" అని ఒకటే నవ్వు. నవ్వితే నవ్వాడు. ఒకే ఒక్కసారి చెయ్యి ముందుకు వచ్చినందుకు ఒక ఇల్లు ఎలా తలకిందులైందో ఆయనకేం తెలుసు?

మాది లాండ్రీ. ఊళ్ళోవాళ్ళ చొక్కాలూ చీరలూ కాదు, పెద్దాసుపత్రి దుప్పట్లు. తెల్లవారకముందే నాన్న బండిలో మూటలు తెచ్చి దింపేవాడు. అమ్మా, పనికి వచ్చే ఇద్దరు ఆడవాళ్ళూ వాటిని సోడా వేసి బానల్లో ఉడకబెట్టి, జాడించి, పిండి, పదకొండు గంటలకల్లా ఇంటి వెనక దొడ్డిలో ఆరేసేవాళ్ళు. ఇనప స్తంభాల మధ్య పన్నెండు దండేలు. ఒక్కో దండెం మీద పది దుప్పట్లు, అంచుకి అంచు తగిలేలా. మధ్యాహ్నానికి ఆ దొడ్డి దొడ్డిలా ఉండేది కాదు. తెల్లటి గోడలూ, వాటి మధ్య పదకొండు సందులూ, కాళ్ళ కింద చల్లటి నేలా. ఎండాకాలం సెలవుల్లో వీధి పిల్లలందరికీ అదే రాజ్యం.

రాజ్యానికి చట్టం ఒక్కటే, అది మా నాయనమ్మది. గేటు దాటి లోపలికొస్తే చేతులు వెనక్కి. దుప్పటికి చెయ్యి తగిలిందో, వారం రోజులు గేటు బయటే. సొంత మనవరాలైనా, పోలీసు కొడుకైనా ఒకటే న్యాయం.

చేతుల్లేకుండా ఏం ఆట ఆడతారు, అంటారా? నీడాట ఆడేవాళ్ళం. దాక్కునేవాళ్ళు దుప్పటికి ఎండ వైపు నిలబడాలి. దొంగ నీడ వైపు సందులో నడుస్తూ, దుప్పటి మీద పడ్డ నీడను చూసి అది ఎవరిదో పేరు చెప్పాలి. ముట్టుకోవడం లేదు, తొంగిచూడటం లేదు. చెప్పిన పేరు తప్పైతే దొంగ మళ్ళీ దొంగే. పోస్టుమాన్ కూతురు నిచ్చెన ఉండేది, మెడ పొడుగ్గా, కాళ్ళు ఇంకా పొడుగ్గా. రొట్టెల కొట్టువాళ్ళ బొండాం ఉండేవాడు, పేరులోనే ఆకారం ఉంది. వాళ్ళిద్దరూ తమని గుర్తుపట్టకూడదని ఒంగేవాళ్ళు, మోకాళ్ళ మీద నడిచేవాళ్ళు, ఒకళ్ళ వెనక ఒకళ్ళు నిలబడి నాలుగు చెవుల జంతువు అయ్యేవాళ్ళు. నన్ను పిచ్చుక అనేవాళ్ళు. వాగుతూనే ఉంటానని.

నాయనమ్మ దగ్గర మాత్రం ఏ వేషమూ సాగేది కాదు. బోర్లించిన తొట్టి మీద కూర్చుని, ఇలా చూసి అలా చెప్పేసేది. ఒకసారి కరెంటు మీటరు చూసుకోవడానికి వచ్చినాయన దారి తప్పి సందులోకి వస్తే, దుప్పటి ఇవతల నుంచే "మీటరు అటు కాదు బాబూ, తలుపు పక్కన" అంది. ఆయన ఆ దొడ్డిలో అడుగుపెట్టడం అది రెండోసారి.

ఆ కళ్ళ మీదే మా ఇల్లు నడిచేది. నాలుగు గంటలకు, ఎండ ఏటవాలుగా పడేటప్పుడు, నాయనమ్మ మొదటి దండెం దగ్గర మొదలుపెట్టేది. ఒక్కో దుప్పటి ముందు ఆగి, వెనక నుంచి ఎండ పడుతుండగా పైనుంచి కింద దాకా చూసేది. బాగుంటే అరచేత్తో ఒకసారి తట్టేది. మరకో చిరుగో ఉంటే రెండుసార్లు. ఒకటి అంటే బండికి, రెండు అంటే బానకి. ఆమె తట్టిన దుప్పటిని మరి ఇంకెవరూ చూసేవాళ్ళు కాదు. అమ్మ వెనకే దండెం ఖాళీ చేసుకుంటూ వచ్చి మడతపెట్టి, రెండు చెక్కల మధ్య బిగించేసేది. అక్కడ ఆసుపత్రిలో పెద్ద నర్సమ్మ కూడా మడత విప్పకుండానే బీరువాలో పెట్టించేదట. "ముసలావిడ చూశాక నేను చూసేదేముంది" అందని నాన్న ఎన్నిసార్లు చెప్పినా నాయనమ్మ మళ్ళీ చెప్పించుకునేది.

అలా ఒక్కో దండెమే ఖాళీ అవుతుంటే మేము వెనక్కి వెనక్కి జరిగి, చివరి సందులో పోగయ్యేవాళ్ళం. పన్నెండో దండెం దించితే ఆ రోజుకి ఆట సరి.

దొడ్డి మాత్రం మాది కాదు. పక్కనున్న కలప అడితి ఆసామిది. ఎంగిలి చేత్తో కాకిని తోలని మనిషి. ఆసుపత్రి పని ఉన్నన్నాళ్ళు వాడుకోండని ఇచ్చాడు. "మీ పని పోయిన మర్నాడు నా దుంగలు దిగుతాయి" అని గోడ మీంచి నవ్వుతూ అనేవాడు. నవ్వుతూ అన్నాడంటే నిజమే అన్నాడన్నమాట.

*

సెలవులిచ్చిన రెండో వారం అనుకుంటాను. నాయనమ్మ తొట్టి మీద కూర్చుంది. నిచ్చెన దుప్పటి వెనక నిలబడింది. ఒంగలేదు, వేషం వెయ్యలేదు. జడ, మెడ, మోచేతులు అన్నీ గీసినట్టు కనబడుతున్నాయి. కళ్ళు మూసుకున్నవాడైనా చెప్పగలడు.

నాయనమ్మ చాలాసేపు చూసింది. "బొండాం" అంది.

మేమంతా పగలబడి నవ్వాం. బొండాం అయితే పరుగెత్తుకొచ్చి, నేను అంత చిక్కిపోయానా నాయనమ్మా అని మురిసిపోయాడు. పిల్లల్ని గెలిపించడానికి కావాలనే అందనుకున్నారు అందరూ. నాయనమ్మ కూడా నవ్వింది, కానీ అందరూ నవ్వాక నవ్వింది. ఆ ఆలస్యం నాకొక్కదానికే పట్టుకుంది.

మర్నాడు నాలుగింటికి నన్ను కేకేసి, "రావే, నీకు పని నేర్పుతాను" అంది. నేను ఎగిరి గంతేశాను. పదేళ్ళకే నాయనమ్మ పక్కన నడవడమంటే మాటలా? మొదటి దుప్పటి ముందు ఆగింది. ఏముంది చెప్పు అంది. ఏమీ లేదన్నాను. ఒకసారి తట్టింది. రెండోదాని ముందు ఆగింది. కింద అంచున పసుపుపచ్చ మరక ఉందన్నాను. రెండుసార్లు తట్టింది. శభాష్ అంది. మూడో రోజుకి నాకు సంగతి తెలిసిపోయింది. నేను నోరు విప్పితే తప్ప ఆ చెయ్యి లేవడం లేదు. ఒక దుప్పటి ముందు కావాలనే మాట్లాడకుండా నిలబడ్డాను. నాయనమ్మ అలాగే నిలబడింది. వెనక నుంచి అమ్మ మడతలు పెడుతూ దగ్గరికొస్తున్న చప్పుడు వినబడుతోంది.

"చెప్పవే" అంది నాయనమ్మ, చాలా మెల్లగా.

"బాగుంది" అన్నాను. ఒకసారి తట్టింది.

చివరి సందులో నన్ను దగ్గరికి లాక్కుంది. "మబ్బు పట్టిందే పిచ్చుకా. ఆకాశంలో కాదు. మనుషులు ఉన్నట్టు తెలుస్తుంది, దండెం తెలుస్తుంది. మరకలు తెలియవు."

డాక్టరుకి చూపించుకుందాం అన్నాను. చిన్నపిల్లకైనా వచ్చే ఆలోచనే అది. కానీ కంటి డాక్టరు ఉన్నది ఆ ఆసుపత్రిలోనే. నాయనమ్మ ఆ మెట్లెక్కిన రోజే పెద్ద నర్సమ్మకి తెలుస్తుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నాయనమ్మ ఇవన్నీ నాకు విడమర్చి చెప్పలేదు. వేలు పెట్టి దొడ్డి మొత్తాన్ని ఒక చుట్టు చూపించింది. "ఇదంతా దుంగలే ఇక" అంది. అంతే, నాకు అర్థమైపోయింది.

నా నోట్లో నువ్వుగింజ నానదని ఇంటిల్లిపాదికీ తెలుసు. అటువంటి నేను ఆ ఎండాకాలం అంతా ఆ గింజని అలాగే దాచాను. పైకి మాట్లాడితే అమ్మకి వినబడుతుందని ఒక గుర్తు పెట్టుకున్నాం. మరక కనబడితే నేను కాలి బొటనవేలితో నేల గీరాలి. గీరితే రెండు దెబ్బలు, లేకపోతే ఒకటి. నాలుగింటి దాకా ఆట, ఆ తర్వాత నాయనమ్మ పక్కన నడక. రోజుకి నూటఇరవై దుప్పట్లు. పిల్లలు సందుల్లోంచి పిలిచేవాళ్ళు. నేను పెద్ద ఉద్యోగస్తురాలిలా తల కూడా తిప్పేదాన్ని కాదు.

సూదిలో దారం నేనే ఎక్కించేదాన్ని. వీధి చివర ఎవరొస్తున్నారో ముందే చెవిలో చెప్పేదాన్ని. అమ్మ చూసి, "ఏంటి నాయనమ్మా మనవరాలూ, కొత్తగా ఇంత ఒద్దిక?" అని నవ్వేది. నాయనమ్మ "నీకు కుళ్ళు" అనేది. ఇంట్లో ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు. వచ్చేది కాదు కూడా. మా ఇంట్లో నాయనమ్మ కళ్ళని అనుమానించడమంటే పొద్దున్నే సూర్యుడు వస్తాడా రాడా అని అనుమానించడం లాంటిది.

*

ఆ దొడ్డిలో ఇనప స్తంభాలన్నింటికీ పాత గుడ్డ పీలికలు చుట్టి ఉండేవి. తుప్పు కోసం. ఏ మరకైనా వదులుతుంది కానీ తుప్పు మరక వదలదు. నెలకోసారి నాయనమ్మే తిరిగి చూసి ఊడినచోట మళ్ళీ చుట్టేది. ఆ ఏడు తొమ్మిదో దండెం స్తంభానికి పీలిక జారిపోయింది. నాయనమ్మకి కనబడలేదు. చూడమని నాకు చెప్పాలని ఆమెకీ తోచలేదు.

పక్క వీధి పిల్లలతో పందెం వేసుకున్నాం. ఆదివారం మా దొడ్డిలోనే నీడాట, ఓడిన వీధి గెలిచిన వీధికి పండగ దాకా... ఏమిటో చాకిరీ చెయ్యాలి, ఇప్పుడు గుర్తులేదు. అప్పుడు మాత్రం నిద్రలో కూడా అదే. శుక్రవారం మూడున్నరకి కొళాయి దగ్గర నీళ్ళు తాగి, చేతులు తుడుచుకోకుండానే పరుగెత్తుకొచ్చాను. తొమ్మిదో సందు మలుపులో కాలు జారింది. స్తంభాన్ని పట్టుకున్నాను. అది తడి చేతిలోంచి జారింది. పక్కకి పడబోతూ దుప్పటిని పట్టుకున్నాను.

లేచి చూసేసరికి దుప్పటి మీద నా చెయ్యి ఉంది. అయిదు వేళ్ళూ, అరచెయ్యీ, ఇటుక రంగులో, అచ్చు గుద్దినట్టు.

ఎవరూ చూడలేదు. వారం రోజులు గేటు బయట. ఆదివారం పందెం. నిచ్చెన నా స్థానంలో నాయకురాలు. ఇవే నా బుర్రలో తిరిగాయి. ఆసుపత్రి కాదు, పెద్ద నర్సమ్మ కాదు, నాయనమ్మ అసలే కాదు. పదేళ్ళ పిల్ల అనుకుని నన్ను నేను క్షమించుకుందామని చాలాసార్లు చూశాను. కుదరలేదు.

నాలుగింటికి నాయనమ్మ నా భుజం మీద చెయ్యి వేసింది. మొదలుపెట్టాం. ఆ రోజు ఎనిమిది దండేల్లో మూడుసార్లు గీరాను, చిన్నచిన్న వాటికి కూడా. తొమ్మిదో దండెంలో స్తంభం పక్కనున్న చివరి దుప్పటి ముందు ఆగాం. ఎండ వెనక నుంచి కొడుతోంది. నా చెయ్యి నల్లగా, నా మొహానికి ఎదురుగా ఉంది. నాయనమ్మ ఎదురుచూసింది.

నా కాలు కదల్లేదు.

ఒకసారి తట్టింది. ఆమె చెయ్యి నా చెయ్యి మీదే పడింది. అమ్మ వెనకే వచ్చి, పడమర వైపు మబ్బు ఏమైనా పడుతుందా అని చూస్తూ దుప్పటి లాగి మడతపెట్టేసింది.

ఆదివారం పందెం మేమే గెలిచాం. నన్ను భుజాల మీద ఎత్తుకోవాలన్నారు కానీ చేతులు వెనక్కి ఉన్నాయి కదా, ఎలా ఎత్తుతారు? అందరూ నా చుట్టూ గెంతారు.

*

మంగళవారం పొద్దున నాన్న బండి మామూలు కంటే ఆలస్యంగా వచ్చింది. ఒక్క దుప్పటి చేత్తో పట్టుకుని దిగి, బల్ల మీద విప్పి పరిచాడు. తుప్పు ఇంకా ముదిరింది. చెక్కల మధ్య నొక్కుకుని అవతలి మడతకి కూడా అంటుకుంది.

"ముసలావిడ చూసిందా ఇది, అని అడిగింది పెద్ద నర్సమ్మ" అన్నాడు నాన్న.

అమ్మ ఆ చేతి పక్కన తన చెయ్యి పెట్టి చూసింది. తర్వాత నా వైపు చూసింది. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. అమ్మ నాయనమ్మ వైపు తిరిగింది.

"అత్తయ్యా, ఇది మీరు తట్టిన దుప్పటేనా?"

నాయనమ్మ బల్ల దగ్గరికి వచ్చింది. వేళ్ళతో దుప్పటిని తడిమింది. తుప్పు చేతికి తగలదు. ఏముందో ఆమెకి తెలియదు. "ఏమైంది దీనికి?" అని అడిగితే అయిపోయినట్టే. అడగలేదు.

"చిన్నపిల్ల చెయ్యి అత్తయ్యా. అయిదు వేళ్ళూ పడ్డాయి. మీకు కనబడకపోవడమేమిటి?"

నాయనమ్మ తల నా వైపు తిరిగింది. సరిగ్గా నా వైపు కాదు, నాకు కాస్త పక్కకి.

"కనబడింది" అంది. "మనవరాలు. వదిలేశాను."

అమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. మా అమ్మ అత్తగారికి ఎదురుచెప్పడం అదే మొదటిసారి, చివరిసారి కూడా. ఊరందరి పిల్లల్నీ గేటు బయట నిలబెట్టే న్యాయం మన పిల్ల దగ్గరికి వచ్చేసరికి ఏమైందంది. రాత్రనక పగలనక నేను బానల దగ్గర ఒళ్ళు కాల్చుకుంటుంటే మీరు ముద్దు కోసం పరువు తీశారంది. నాన్న అడ్డుపడబోయి ఊరుకున్నాడు. నాయనమ్మ అన్నీ విని, దుప్పటిని నాలుగు మడతలు పెట్టి తన పెట్టెలో పెట్టుకుంది. కళ్ళు కనబడవనిపించుకోవడం కంటే అన్యాయం చేసిందనిపించుకోవడమే ఆమెకి నయమనిపించింది. అన్యాయమైతే ఒకసారికి క్షమిస్తారు.

ఆ సాయంత్రం నన్ను చివరి సందులోకి పిలిచింది.

"నీకు కనబడిందా అది?"

అబద్ధం నోటి దాకా వచ్చింది. ఆ దొడ్డిలో ఆమెతో అబద్ధం ఆడినవాళ్ళు లేరు.

"కనబడింది" అన్నాను.

"మరి గీరలేదే?"

"వారం రోజులు బయట నిలబెడతావని. ఆదివారం పందెం ఉందని."

నాయనమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేది. దుప్పటి అంచు సరిచేసింది.

"సరే. రేపటి నుంచి నువ్వు నా పక్కన నడవక్కర్లేదు. ఆడుకో" అంది.

*

రెండు రోజులు ఒక్కతే నడిచింది. నేను దుప్పట్ల ఇవతల నుంచి చూస్తూనే ఉన్నాను. మబ్బు ఇంకా ముదిరినట్టుంది, ఒక్కో దుప్పటి ముందూ ఇదివరకటి కంటే ఎక్కువసేపు ఆగేది. ముక్కుతో వాసన చూసేది, వేళ్ళ చివర్లతో అంచులు వెతికేది. ఎక్కువగా రెండుసార్లే తట్టేది. శుభ్రమైన దుప్పట్లు కుప్పలుగా మళ్ళీ బానల్లోకి వెళ్తుంటే, అత్తగారు కోపం ఇలా తీర్చుకుంటోందని అమ్మ పళ్ళు కొరికింది. నాకు ఆట రుచించడం మానేసింది. దొంగనైతే ఎవరి నీడా తెలియనట్టు నిలబడిపోయేదాన్ని.

శుక్రవారం నాలుగింటికి పెద్ద నర్సమ్మ వచ్చింది. తెల్లటి బట్టలు, తల మీద టోపీ, చేతిలో గొడుగు. మా దొడ్డిలోకి ఆమె రావడం అంతకుముందు ఎప్పుడూ లేదు. గేటు దగ్గర బొండాం ఎంత అలవాటుపడ్డాడంటే, "చేతులు వెనక్కండీ" అనేశాడు. ఆమె ఒక్క క్షణం చూసి, గొడుగుతో సహా చేతులు వెనక్కి పెట్టుకుంది. మేము నవ్వలేదు.

కూర్చోమంటే కూర్చోలేదు. "పెద్దమ్మా, మీరు చూసి కూడా పంపించారని మీ అబ్బాయి చెప్పాడు. నాకు నమ్మబుద్ధి కాలేదు. మీ నోటితో విందామని వచ్చాను."

"నిజమేనమ్మా" అంది నాయనమ్మ. "మనవరాలి చెయ్యి. తెలిసే పంపాను. ఇంకెప్పుడూ జరగదు."

పెద్ద నర్సమ్మ నిట్టూర్చింది. చెడ్డ మనిషి కాదు. "ఒక్క తప్పుకి పని తీసెయ్యనులెండి. కానీ ఇన్నేళ్ళూ మీరు తట్టిన దుప్పటిని నేను విప్పి చూడలేదు. ఇక నుంచి ప్రతీదీ విప్పి చూసుకోవాల్సిందే. ఏం చేస్తాం" అంది.

నాయనమ్మ తల వంచింది. మా నాయనమ్మ ఒకరి ముందు తల వంచగా నేనెప్పుడూ చూడలేదు. పని పోలేదు. దొడ్డి పోలేదు. నేను కిక్కురుమనకుండా ఉంటే చాలు, రేపూ ఎల్లుండీ కూడా ఆడుకోవచ్చు. అదంతా నాకు బాగా తెలుసు. ఇప్పటికీ ఎవరైనా 'చిన్నపిల్ల, తెలియక చెప్పేసింది' అంటే ఒప్పుకోను. తెలిసే చెప్పాను.

"నాయనమ్మకి కనబడదు" అన్నాను. "చూడలేదు. చూసి చెప్పాల్సింది నేను. నేనే చెప్పలేదు."

"నోరు ముయ్యి" అంది నాయనమ్మ.

అమ్మ చేతిలో సగం మడతపెట్టిన దుప్పటి ఉంది. అది అలాగే ఉండిపోయింది. పెద్ద నర్సమ్మ నా వైపు చూసింది, నాయనమ్మ వైపు చూసింది. అడుగుల చప్పుడు కాకుండా దండెం చుట్టూ తిరిగి, నాయనమ్మ ఎదురుగా ఉన్న దుప్పటికి ఎండ వైపు నిలబడింది. టోపీ, భుజాలు, చేతిలో గొడుగు, అన్నీ దుప్పటి మీద పడ్డాయి. ఏ దొంగకీ అంత తేలికైన నీడ ఎప్పుడూ దొరకలేదు.

నాయనమ్మ పైనుంచి కింద దాకా చూసింది. ఆమెకి తెలిసిన పద్ధతిలో, ఏమాత్రం తొందర లేకుండా చూసింది.

"బాగుంది. మరకేం లేదు" అని ఒకసారి తట్టింది.

దుప్పటి అవతల గొడుగు కదిలింది. పెద్ద నర్సమ్మ ఇటు వచ్చి నాయనమ్మ చెయ్యి పట్టుకుంది. ఎప్పటి నుంచి అని అడిగింది. నాయనమ్మ తొట్టి ఎక్కడుందో కాలితో వెతుక్కుని కూర్చుంది. అమ్మ వచ్చి ఆమె కాళ్ళ దగ్గర నేల మీద కూలబడింది. సూదిలో దారం, అంది అమ్మ. దారం నువ్వే ఎక్కిస్తున్నావు కదే, అని నా వైపు చూసి ఏడ్చింది.

*

తర్వాత అన్నీ చకచకా జరిగిపోయాయి. ఇక మీదట అమ్మ చూస్తుందని నాన్న అన్నాడు. పెద్ద నర్సమ్మ సరే అంది కూడా. కానీ ఆసుపత్రి ఆఫీసులో మెషీన్ల లాండ్రీవాళ్ళ కాగితం ఎప్పటి నుంచో బల్ల మీద ఉందట, దానికి కావలసింది ఒక సాకు. వాళ్ళు ఎండలో ఆరేసే పనే లేదు. దుప్పట్లు అటు వెళ్ళిపోయాయి. నాన్న కూడా వెళ్ళిపోయాడు, వాళ్ళ బండి తోలడానికి. అమ్మ ఇంటి ముందు గదిలో ఇస్త్రీ బల్ల వేసింది. అడితి ఆసామి నెలాఖరు దాకా టైమిచ్చాడు. ఆయన మట్టుకు అది మంచితనమే.

నాయనమ్మని పెద్ద నర్సమ్మే కంటి వార్డులో చేర్పించింది. శుక్లాలు, బాగా ముదిరాయి, ఒక కంటిది ముందు తీద్దాం అన్నారు. నేను చూడ్డానికి వెళ్ళేసరికి కళ్ళకి కట్టుతో పడుకుని, పక్క మీది దుప్పటిని వేళ్ళతో నలుపుతోంది.

"అమ్మాయ్, ఇది మెషీన్లదేనా?" అని అమ్మని అడిగింది. అవునంది అమ్మ. "గంజి చూడు, అట్టలా ఉంది. రోగిష్టివాళ్ళ ఒళ్ళు ఒరుసుకుపోదూ" అంది. పక్క మంచాలవాళ్ళు నవ్వారు. నేనూ వచ్చానని అమ్మ చెప్పింది. ఊఁ అంది నాయనమ్మ. అంతే. ఆ శుక్రవారం నోరు ముయ్యమన్నాక నాతో ఇంకో మాట మాట్లాడలేదు. ముందు మరక దాచాను, తర్వాత గుట్టు దాచలేదు. రెండుసార్లూ చెయ్యకూడని పనే చేశానని నాకు నేనే చెప్పుకున్నాను. దొడ్డి పోతుందన్న బాధ కూడా దాని ముందు దిగదుడుపే.

కట్టు విప్పి, సోడాబుడ్డి అద్దాల కళ్ళజోడు పెట్టి ఇంటికి పంపించిన రోజే స్తంభాలు పీకే మనుషులు వచ్చారు. అమ్మ వాళ్ళని సాయంత్రం దాకా ఆగమంది. ఇంట్లో ఉన్న దుప్పట్లూ, పాతవీ కొత్తవీ అన్నీ ఉతికి, ఒక్క దండెం మీద ఆరేసింది. నిండలేదు. నాయనమ్మ పెట్టెలోది కూడా తీసి ఉతికి వేసింది.

నాలుగింటికి పిల్లలు వచ్చారు. ఎవరూ పిలవలేదు. చేతులు వెనక్కి కట్టుకుని వరసగా గేటు దాటి, ఎండ వైపుకి వెళ్ళి నిలబడ్డారు. నాయనమ్మ కళ్ళజోడు సర్దుకుంటూ నీడ వైపు నడిచింది. ఆ అద్దాల వెనక ఆమె కళ్ళు రెండింతలయ్యాయి.

"నిచ్చెన" అంది. "బొండాం. ఒరేయ్, చిక్కలేదురా నువ్వు." అందరూ గోలగోలగా నవ్వారు.

నేను చివరి దుప్పటి వెనక నిలబడ్డాను. ఆట కోసం కాదు, ఆమెకి ఎదురుపడే ధైర్యం లేక. వీపు మీద ఎండ. కళ్ళ ముందు తెలుపు, అందులో నా మొహం ఎత్తుకి కాస్త పైన, ఇటుక రంగు చెయ్యి. ఎన్నిసార్లు ఉతికినా వదల్లేదు. నాయనమ్మ అడుగులు వచ్చి ఆగాయి.

"పిచ్చుక" అంది.

అడుగులు ముందుకు కదల్లేదు. పైనుంచి కింద దాకా చూస్తోందని తెలుసు. ఆ మరకని ఆమె చూడటం అదే మొదటిసారి. స్తంభాలు పీకేవాళ్ళు గునపాలు పట్టుకుని గోడ దగ్గర బీడీలు కాలుస్తున్నారు.

"ఇదా" అంది. "ఇంత చిన్న చెయ్యా ఇది."

దుప్పటి వచ్చి నా నుదుటికి తగిలింది. ఒకసారి తట్టింది. నేను చేతులు వెనక బిగించుకుని, కళ్ళు మూసుకుని రెండోదాని కోసం చూశాను. ఎంతసేపు చూసినా రెండోది పడలేదు.